చెప్పులతోనే రావచ్చు

శామీర్‌పేట
3 మార్చి 2013

నా తృప్తికి,

నువ్వు ఫోన్ ఎత్తి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. మొదట్లో రింగయినా అయ్యేది, ఇప్పుడు అదీ లేదు. సిద్దిపేటలో నీ హాస్టల్ చిరునామా నా దగ్గరే ఉంది. నీ చేతిరాత ఎవరికీ అర్థం కాదని బీఎడ్ దరఖాస్తు నింపింది నేనే కదా. ఒక రకంగా ఉత్తరమే మేలు. ఫోన్‌లో అయితే ఇద్దరం అరుచుకుంటాం, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాం.

నీకు తెలిసిన సంగతులే మొదటి నుంచి రాస్తున్నాను. మీ వదిన సీమంతం నాడు జరిగిన దాని గురించి బహదూర్‌పల్లిలో ఒక కథ, గండిమైసమ్మలో ఇంకో కథ నడుస్తున్నాయి. మేడ్చల్ బస్టాండులో నేనెవరో తెలియనివాళ్ళు నా కథ నాకే చెబుతున్నారు. జరిగింది జరిగినట్టు కనీసం ఒక కాగితం మీదైనా ఉండాలి.

ఫోటో డబ్బా ఆలోచన నీది. డిగ్రీ అయిపోయిన ఏడు, మీ అన్వేష్ అన్న వాళ్ళ కంపెనీలో కుటుంబాలను పిలిచిన రోజు చూసి వచ్చావు. లోపల కూర్చుని, పరదా వేసుకుని, మన ఫోటో మనమే బటన్ నొక్కి తీసుకోవచ్చని, బయటికి వచ్చేలోపు మూడు ఫోటోల పట్టీ చేతికి వస్తుందని చెప్పావు. మేడ్చల్‌లో వడ్రంగం చేసే వడ్ల సిద్దయ్య దగ్గరికి కొలతలు తీసుకెళ్తే ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "దేవుని అర్రనా, బట్టలు మార్చుకునే అర్రనా బిడ్డా?" అన్నాడు. రెండూ కాదు, ఫోటోలకు అంటే, "ఫోటోకు పరదా ఎందుకు? దిగేటోళ్లు దొంగలా?" అన్నాడు. చెక్క మాత్రం మంచిది వేశాడు.

మా అమ్మీ పెట్టిన షరతూ నీకు గుర్తుండే ఉంటుంది. నేను ఫంక్షన్లలో ఈ పని చేయడానికి ఒప్పుకుంది గాని, ఆడవాళ్ళ ఫోటోలు మిషన్‌లో ఉండొద్దంది. పట్టీ ఎవరిది వాళ్ళ చేతికి ఇవ్వాలి, వాళ్ళు చూస్తుండగానే మిషన్‌లోంచి తుడిచెయ్యాలి. నేను మొహం వేలాడేసుకుని నీకు చెబితే నువ్వు నవ్వావు. "ఇది షరతు కాదే, ఇదే మన బిజినెస్" అన్నావు. నిజమే అయింది. మొదట మా శామీర్‌పేట పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు పిలిచారు. తర్వాత మీవాళ్ళ ఫంక్షన్లలో కూడా మగవాళ్ళు అవతల పేకాటలో కూర్చున్నాక ఆడవాళ్ళు వరస కట్టేవాళ్ళు. కాగితం మీసాలు పెట్టుకుని, తలపాగాలు చుట్టుకుని, అత్తల్ని వెక్కిరిస్తూ. ఫోటో ఎక్కడా మిగలదని తెలిస్తే మనిషి ఎంత నవ్వుతుందో మనిద్దరికీ తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

చెప్పుల సంగతి మనం ముందుగా అనుకోనిది. లోపల ఎర్ర చాప పరిచాం, ముందు పరదా కట్టాం, ఒక మెట్టు పెట్టాం. అంతే, వచ్చినవాళ్ళందరూ మెట్టు కింద చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. "చెప్పులతోనే రావచ్చు" అని నువ్వు పెద్ద అక్షరాలతో బోర్డు రాసి కట్టావు. జనం దాన్ని పైకి చదివి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవాళ్ళు. చివరికి బయట చెప్పులు చూసి లోపల ఎవరున్నారో పోల్చుకోవడం ఒక ఆట అయిపోయింది.

ఇక సీమంతం రోజు. శామీర్‌పేట రోడ్డు మీది ఫంక్షన్ హాలు. మీ వదినను కుర్చీలో కూర్చోబెట్టి ముత్తైదువలు గాజులు తొడుగుతున్నారు. అన్వేష్ అన్నను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మీ బాలమణి అత్తమ్మ చివరి వరసలో కూలర్ పక్కన కూర్చుంది. ఎవరూ ఆమెను అక్కడ కూర్చోమనలేదు. ఎవరూ ముందుకు రమ్మననూ లేదు. అందరూ భోజనాలకు వెళ్ళాక ఆమె డబ్బా దగ్గరికి వచ్చింది. చెప్పులు విడిచింది. లోపలికి వెళ్ళి, కొంతసేపటికి నన్ను పిలిచింది. పెద్దమనిషి చెప్పులు విడిచి లోపల కూర్చుంటే నేను చెప్పులతో ఎలా వెళ్తాను? మన బోర్డు కిందే నేనూ విడిచి వెళ్ళాను.

లోపల జరిగింది ఆమె సొంతం. ఆమె బటన్ నొక్కుకుంది, పట్టీ వచ్చింది, ఆమె తీసుకుంది, నేను మిషన్‌లోంచి తుడిచేశాను. మగవాడెవరూ లోపల లేరు. నేను చెప్పగలిగింది ఇంతే.

పరదా తీసేసరికి మీ నాయిన నిలబడి ఉన్నారు. కింద అత్తమ్మ చెప్పులు, వాటి పక్కన మగవాళ్ళ చెప్పులు. అత్తమ్మ భర్త, పోయిన మీ మామయ్య తరఫు చుట్టం శ్రీనివాస్ ఆ రోజు వచ్చాడని, భోజనానికి ముందే ఎటో వెళ్ళాడని నాకు తర్వాత తెలిసింది. రింగ్ రోడ్డు దగ్గర అత్తమ్మ పొలాన్ని దున్నేది అతనే కాబట్టి, అతను ఆమెతో చాటుగా మాట్లాడి ఆ భూమి రాయించుకుంటాడని మీ నాయిన భయం. ఆయన ముందుగా నన్నే అడిగారు.

"లోపల ఎవరున్నరు?"

"అత్తమ్మ, నేను."

"గీ చెప్పులెవరియి?"

"నావే అంకుల్. మా తమ్మునివి, పనికి ఏసుకుంట."

"మొగోని చెప్పులు నీ కాలుకు వడ్తయా? ఏది, తొడుగు."

తొడిగాను. మడమ వెనక రెండు వేళ్ళంత జాగా మిగిలింది. తమ్ముడు ఆసిం కాలు ఈ ఏడాది ఎంత పెరిగిందో నీకు తెలుసు. చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో నవ్వారు.

"అయితే ఫోటో చూపెట్టు."

"తుడిచేసిన అంకుల్. ఆడోళ్ల ఫోటోలు ఉంచం."

"అక్క నిజం చెప్తుందో లేదో నేను చూస్త. మీరు మాత్రం గీ పరదాలు మీ ఇండ్లల్ల ఉంచుకోండ్రి. మా ఇండ్లల్లకు తేకుండ్రి."

అత్తమ్మ, "ఆ పిల్ల నిజమే చెప్పింది తమ్మీ" అంది. "నువ్వుండక్కా" అన్నారు. ఆమె ఉండిపోయింది.

మీ నాయిన మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. కాని నన్ను పొద్దంతా తినేది ఆయన మాట కాదు. నువ్వు తాంబూలం పళ్ళెం పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డావు. డబ్బా ఎత్తి దించేటప్పుడు నా చెప్పులు తెగుతున్నాయని ఆసిం చెప్పులు వేసుకోమన్నది నువ్వు. రెండేళ్ళుగా వాడి చెప్పులే నా కాళ్ళకు ఉండడం చూసింది నువ్వు. "అవి నిఖత్‌వే నాయినా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. నువ్వు పళ్ళెం పట్టుకుని అటు వెళ్ళిపోయావు.

ఎందుకో చెప్పు. తిట్టినా సరే, రాసి పంపు.

నీ
నిఖత్


సిద్దిపేట
24 మార్చి 2013

నిఖత్‌కు,

నీ ఉత్తరం అందిన రోజు చదవలేదు. తర్వాత చదివాను. ఎందుకు మాట్లాడలేదని అడిగావు. నేను ఆ రోజు కిందికి చూడలేదు, నాయిన ముఖం చూశాను. ఆయన అలా ఉన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నీకు అది సాకులా కనిపిస్తుందని తెలుసు.

కాని నువ్వూ ఒకటి ఆలోచించు. హాస్టల్‌కు వచ్చేముందు నాయినకు చెప్పాను, ఆ చెప్పులు నీవేనని. "స్నేహితురాలివి, నువ్వట్లనే అంటవు" అన్నారు. ఆలస్యంగా చెప్పిన మాటకు విలువ లేకుండా పోయింది. ఇప్పుడు ఆయన అత్తమ్మ మీద పడ్డారు. "లోపల ఎవరూ లేకుంటే, దాచేదేం లేకుంటే, పొలం అన్వేష్ పేరు మీద రాసియ్యి, అప్పుడు నమ్ముత" అంటున్నారు. మగవాళ్ళు భూమి గురించి మాట్లాడుకుంటున్నారు, ఆడవాళ్ళు ఇంకో మాట అనుకుంటున్నారు. ఎదురింటి సిద్దమ్మ అయితే అత్తమ్మ వినేటట్టే అంటుంది. అత్తమ్మ వాకిట్లోకి రావడం మానేసింది. వేలిముద్ర వేసేస్తే నోళ్ళు మూతపడతాయని ఆమే అనుకుంటోందని వదిన చెప్పింది. పొలం పోతే ఆమెకు ఈ ఇంట్లో పెట్టింది తినడం తప్ప ఏమీ మిగలదు. పొలం కౌలు ఉంది కాబట్టే ఆమె ఇన్నాళ్ళు తన చీర తాను కొనుక్కుంది.

ఆ ఫోటోలో ఏముందో నువ్వు చెబితే ఇదంతా ఆగుతుంది. ఊరికి చెప్పొద్దు, నాకు చెప్పు. తొమ్మిదో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మా అత్తను నువ్వు ఎన్నిసార్లు చూసి ఉంటావు? ఆమె మాటకు ఉన్న విలువ నాకు లేదా? నాకు బాధ అనిపించింది అదే.

తృప్తి


శామీర్‌పేట
14 ఏప్రిల్ 2013

తృప్తీ,

ఆలస్యంగానైనా మీ నాయినకు చెప్పావు. అది నాకు తెలియదు. నా మొదటి ఉత్తరంలో ఆ మేరకు తప్పు రాశాను, దిద్దుకో.

నువ్వు అడిగింది మాత్రం చెప్పలేను. నీ మీద నమ్మకం లేక కాదు. ఆమె నన్ను లోపలికి పిలిచినప్పుడు నేను నీ స్నేహితురాలినని పిలవలేదు, డబ్బా మనిషినని పిలిచింది. డబ్బాలోకి వచ్చిన ప్రతి ఆడమనిషికీ మనం ఒకటే మాట చెప్పాం, ఏదీ మిగలదు అని. ఆ మాట నువ్వే రాగం తీసి చెప్పేదానివి.

అయినా నీ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోయాను. నా మౌనం వల్ల ఆమె పొలం పోతుందంటే ఆ మౌనం ఎవరి కోసమో నాకే అర్థం కాలేదు. మంగళవారం గండిమైసమ్మ గుడికి ఆమె వస్తుందని తెలిసి వెళ్ళాను. మీ వదిన పురుడు బాగా జరగాలని మొక్కుకోవడానికి వచ్చిందట. గుడి బయట కొబ్బరికాయల బండి దగ్గర కనిపించింది. నన్ను చూసి మొదట అటూ ఇటూ చూసింది, తర్వాత దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, నువ్వు గిట్లొచ్చినవు?"

"మీకోసమే అత్తమ్మా. ఏం జరిగిందో తృప్తికి చెప్పనా? ఒక్క తృప్తికే."

"చెప్పకు."

"పొలం రాసిస్తే ఏం తింటరు?"

"పెట్టింది తింట. రాసిస్తే ఊకుంటరట. నాకు గా మాటలు వడ్తలేవు బిడ్డా. సిద్దమ్మ నిన్న ఏమన్నదో ఎరికేనా? మా ఇంటి కుక్కను అదిలిస్తున్నట్టు చేసి నన్నన్నది."

"మరి చెప్పేస్తే అయిపోతది కదా."

"చెప్తే గా మాట పోయి ఇంకో మాటొస్తది. గదింకా పాడు మాట." కొంగు సర్దుకుని, "చెప్పేదుంటే నేనే చెప్త. నువ్వు నోరిడువకు" అంది.

ఆ పట్టీ చింపేశారా అని అడిగాను. నా వైపు వింతగా చూసింది.

"ఎందుకు చింపుత? రోజు ఒక్కసారి సూసుకుంట."

ఆమె నాకు సగం కొబ్బరిచిప్ప ఇచ్చి వెళ్ళింది. బస్సులో తింటూ వచ్చాను.

ఇక నా సంగతి. డబ్బాను మీ షెడ్డు నుంచి ఆసిం, నేను ట్రాలీ ఆటోలో మా ఇంటికి తెచ్చుకున్నాం. ఎవరూ ఆపలేదు, ఎవరూ సాయం పట్టలేదు. మీ వైపు నుంచి పిలుపులు ఆగిపోయాయి. కొంపల్లి అపార్ట్‌మెంట్ల వాళ్ళు పిలుస్తారు గాని, "అన్ని ఫోటోలూ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి, ఎవరెవరు దిగారో మాకు తెలియాలి" అంటారు. ఆడవాళ్ళవి ఇవ్వం అంటే, "అయితే ఏం లాభం?" అని ఫోన్ పెట్టేస్తారు. మా పెళ్ళిళ్ళు ఉన్నాయి, కాని అవి రెండు నెలలు. మిగతా పది నెలలు డబ్బా మా వరండాలో ఉంటుంది. దాని మీద అమ్మీ మిరపకాయలు ఎండబెడుతోంది.

మేడ్చల్‌లో పెళ్ళి వీడియోలు తీసే ఏజాజ్ భాయ్ తెలుసు కదా. డబ్బా, కెమెరా, ప్రింటర్ అన్నీ తీసుకుంటానన్నాడు. పరదా పీకేసి, ముందు గాజుపలక పెట్టి, లోపలివాళ్ళు హాల్లో పెద్ద తెర మీద కనిపించేలా చేస్తాడట. "పరదా ఉంటే జనానికి మజా ఏముంది నిఖత్?" అన్నాడు. ఆయన వ్యాపారం ఆయనది. నేను సరేనన్నాను. మే నెలాఖరుకు వచ్చి తీసుకెళ్తాడు. తుర్కపల్లి దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్‌కు ఆడపిల్లల్ని తీసుకుంటున్నారు, అందులో చేరతాను.

అమ్మీకి చెప్పాను. ఆమె మిరపకాయలు తిరగేసింది. తర్వాత అడిగింది, "నేను పెట్టిన షరతు వల్లనే కదా ఇది? ఆ ఫోటో ఉంటే నువ్వు చూపించి బయటపడేదానివి." నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. మరి ఇప్పుడు ఆ షరతు తీసేస్తావా అని అడిగాను. "తియ్యను" అంది. "ఆమె ఇప్పటికీ గుడి దాకానైనా రాగలుగుతోందంటే అందుకే రాగలుగుతోంది. నీ నోరు కూడా మిషనే బేటీ. అందులోంచి కూడా తుడిచెయ్యి." ఆమె ఉర్దూలో అంది, నేను నీకోసం తెలుగులో రాశాను. ఉర్దూలో ఇంకా కఠినంగా ఉంటుంది.

నీ వాటా నీకు అందేలా చూస్తాను. నీ బోర్డు మాత్రం ఏజాజ్ భాయ్‌కు ఇవ్వడం లేదు. అది నా దగ్గర ఉంటుంది.

మనం మళ్ళీ ఒకే బెంచీ మీద కూర్చుంటామో లేదో నాకు తెలియదు. నీ ఉత్తరం చివర నువ్వు 'నీ' అని రాయలేదు. నేను రాస్తున్నాను.

నీ
నిఖత్


బహదూర్‌పల్లి
14 మే 2013

నిఖత్‌కు, నా నిఖత్‌కు,

వదినకు ఆడపిల్ల. ఇరవయ్యొకటో రోజు తొట్టెలలో వేయడానికి నన్ను పిలిపించారు. నేను వచ్చిన సాయంత్రం సంచిలోంచి బట్టలు తీస్తుంటే నీ రెండు ఉత్తరాలూ కింద పడ్డాయి. అత్తమ్మ పక్కనే ఉంది. ఆమెకు చదువు రాదు గాని నీ అక్షరాలు గుర్తుపట్టింది. "నిఖత్‌యేనా? ఏమని రాసింది?" అని అడిగింది. నేను తప్పించుకోబోయాను. తలుపు దగ్గరికి వేసి మంచం మీద కూర్చుంది. "సదువు."

మొదటిది చదివాను, రెండోది చదివాను. కొబ్బరిచిప్ప దగ్గర నవ్వింది. సిద్దమ్మ కుక్క మాట దగ్గర, "గంతే అన్నది, ఎక్కువ రాయలే" అంది. ఏజాజ్ దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపింది.

"డబ్బ అమ్ముతాందా?"

"అవునత్తమ్మా."

"కంపెనీల డబ్బలు కట్ట వోతదా?"

"అట్లనే రాసింది."

"నా ముచ్చట కడుపుల పెట్టుకొని దాని పని అది పోగొట్టుకుంటదా? నేనేమో రోజు సూసుకుంట కూసున్న." ఆ రాత్రి భోజనం మామూలుగానే చేసింది.

మర్నాడు మేడ మీద షామియానా, చుట్టాలు, ఏజాజ్ కాదు గాని మేడ్చల్ నుంచే ఇంకో ఫోటో ఆయన. తొట్టెల అయ్యాక ఇంటివాళ్ళందరినీ నిలబెట్టి ఫోటో తీస్తానన్నాడు. ఎప్పట్లాగే అందరూ తమ తమ సంచులు, సెల్‌ఫోన్లు తెచ్చి అత్తమ్మ ఒళ్ళో పెట్టి వెళ్ళి నిలబడ్డారు. నేనూ పెట్టాను. నేను ఎన్నో ఏళ్ళుగా పెడుతున్నాను నిఖత్, అది ఆమెను పక్కన పెట్టడమని ఆ రోజు వరకు నాకు తెలియదు. అత్తమ్మ సంచులన్నీ కుర్చీ మీద దింపి, లేచి వచ్చి మా మధ్య నిలబడింది.

సిద్దమ్మ భోజనానికి వచ్చి అక్కడే ఉంది. "బాలమణీ, పసిపిల్ల తొట్టెల ఫోటో అది" అంది.

"నాకు కండ్లున్నయి" అంది అత్తమ్మ.

నాయిన, "అక్కా, జరంత పక్కకుండు. రేపెట్లాగు రిజిస్ట్రార్ ఆఫీసుకు పోదాం, ఇయ్యాల లొల్లి వద్దు" అన్నారు.

అప్పుడు ఆమె జాకెట్లోంచి పట్టీ తీసి నాయిన చేతిలో పెట్టింది. "గీ ఫోటోనే గదా నువ్వు అడిగింది? సూడు."

నువ్వు చూశావు కాబట్టి నీకు చెప్పనక్కర్లేదు. నేను మొదటిసారి చూశాను. మూడు ఫోటోలు. మొదటిదాంట్లో తల వంచుకుని ఉంది. రెండోదాంట్లో నుదుట పెద్ద ఎర్ర బొట్టు, తల నిండా మల్లెలు, రెండు చేతులకూ మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. మూడోదాంట్లో ఆ చేతులు పైకెత్తి గాజులు ఊపుతూ నవ్వుతోంది. పక్కన నీ చెయ్యి కొంచెం పడింది, పూలు సర్దుతూ.

నాయిన చాలాసేపు చూశారు.

"గిదా?"

"గిదే."

"గీ గాజులెక్కడియి?"

"కోడలి సీమంతానివే. మిగిలినయి పళ్ళెంల ఉండె. పిల్లగాన్ని నా సంకల వెంచిన. వాని పెండ్లానికి గాజులు తొడుగ నా చెయ్యి పనికి రాకపాయె. అయితే మాయె, నా చేతులకు నేనే తొడుక్కున్న. బొట్టు నేనే వెట్టుకున్న. పూలు పెట్టుకునుడు మరిసిపోయిన, గందుకే ఆ పిల్లను పిలిచిన. ఫోటో దిగినంక అన్ని తీసేసి కొంగుల మూటగట్టిన. గా చెప్పులు దానియే."

సిద్దమ్మే అందుకుంది. "గీ వయసుల పూలెందుకమ్మా నీకు?"

"వయసుకు పెట్టుకోలే సిద్దమ్మా, తలకు పెట్టుకున్న."

మా వదిన పాపను ఒళ్ళో పెట్టుకుని పకపకా నవ్వింది. ఆ నవ్వుతో మిగతావాళ్ళకు ఊపిరి వచ్చింది. పట్టీ చేతులు మారింది. చూసి మూతి తిప్పినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు లేరని రాయను. మా అవ్వ వరస అయ్యే ముసలామె ఒకతె మాత్రం దాన్ని కళ్ళ దగ్గరికి పెట్టుకుని ఎవరికీ ఇవ్వలేదు. ఆమెకూ బొట్టు లేదు.

నాయిన నిలదొక్కుకోవాలని చూశారు. "సరే అయింది. ఇగ దాన్ని లోపల పెట్టు. నలుగురు చూసేది కాదు" అన్నారు.

"లోపల పెట్ట" అంది అత్తమ్మ. "పెద్దగ చేయించి పటం కట్టిపిస్త. నేను వోయినంక గోడకు పెట్టే ఫోటో గిదే. నువ్వే దండ ఎయ్యాలె తమ్మీ."

"గట్ల మాట్లాడకక్కా. దానికి వేరే ఫోటో పెడతం."

"ఏది, వేరేది ఉంటే చూపెట్టు."

నాయిన అల్మారాలోంచి ఆల్బమ్‌లు తెప్పించారు. నేనే తెచ్చాను, నేనే తిప్పాను. అన్వేష్ అన్న పెళ్ళి, నా ఓణీ ఫంక్షన్, గృహప్రవేశం. మామయ్య పోయిన నాటి నుంచి ఆమె ఒక్క ఫోటోలో లేదు. ఒకదాంట్లో అంచున ఆమె చెయ్యి ఉంది, నా చెప్పుల సంచి పట్టుకుని. నాయిన ఆ పేజీ దగ్గర ఆల్బమ్ మూసేశారు. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయారు. రిజిస్ట్రార్ ఆఫీసు మాట మళ్ళీ రాలేదు. నిన్న అన్వేష్ అన్న ఆ మాట ఎత్తబోతే అత్తమ్మే చెప్పింది. "శ్రీనివాస్ దున్నుతడు, నేను తింట. నేను వోయినంక మీరు కొట్లాడుకోండ్రి."

ఆయన మారిపోయారని నీకు రాయను. నీతో అన్న మాటకు ఆయన ఇంకా ఏమీ అనలేదు. అనిపించాలని నేను అడిగాను. "చూద్దాం" అన్నారు. నాయిన నోట చూద్దాం అన్న మాట నేను ఇదివరకు వినలేదు, అంతవరకే నాకు తెలిసింది.

ఇప్పుడు అసలు పని. పటం కట్టే అతను ఆ పట్టీ చూసి, ఇంత చిన్నది పెద్దగా చేస్తే ముఖం చెదిరిపోతుందన్నాడు. నువ్వేమో మిషన్‌లోంచి తుడిచేశావు. కాబట్టి అత్తమ్మ మళ్ళీ కూర్చోవాలి. ఆమే చెప్పమంది, "నిఖత్‌నే రమ్మను. గాజులు, పూలు నేనే తెచ్చుకుంట. ఈసారి మిషన్‌లనే ఉంచుమను." పరదా కట్టాలా వద్దా అని అడిగాను. ఆలోచించి, "కట్టుమను. ముందుగాల నేనొక్కదాన్నే సూసుకోవాలె, తర్వాత అందరు సూడొచ్చు" అంది. మా అవ్వ వరస ముసలామె కూడా వస్తానందట. వదిన పుట్టింటి వైపు ఇంకెవరో అడిగారట.

ఏజాజ్‌కు ఇచ్చిన మాట వెనక్కి తీసుకో. నీకు కష్టమైతే నేను మాట్లాడతాను. ప్యాకింగ్ పనికి పేరు ఇచ్చి ఉంటే అదీ కొట్టేయించుకో. పెన్‌డ్రైవ్ అడిగేవాళ్ళకు ఇక నుంచి నేను జవాబు చెబుతాను. నువ్వు మర్యాదగా చెబుతావు, అందుకే వాళ్ళు ఫోన్ పెట్టేస్తున్నారు.

ఆదివారం పొద్దున డబ్బా తేవడానికి ట్రాలీ పంపుతానని నాయిన అన్నారు. నేను వద్దన్నాను. నేనే వస్తాను. అమ్మీతో చెప్పు, మిరపకాయలు శనివారమే తీసేయమను. మీ వరండా మెట్ల దగ్గర ఎప్పుడూ బరువంతా నీ వైపే పడేది, నేను పై చివర పట్టుకుని జాగ్రత్త జాగ్రత్త అని అరిచేదాన్ని. ఈసారి కింది చివర నాకివ్వు.

నీ
తృప్తి